తేదీకి వారం కుదిరిందా?

(విజయవాడలోని ఒక గ్రంథాలయంలో, గ్రంథాలయాల పనులు నడిపే కోహా సాఫ్ట్‌వేర్ తెలుగు మార్గదర్శిని సమీక్షకు కూర్చునే ముందు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఈ ఉదయం ఇక్కడికి రెండు రకాల వాళ్లు వచ్చారు. కిటికీల వైపు గ్రంథాలయాల్లో పనిచేసేవారు, గ్రంథాలయ శాస్త్రం చదువుతున్నవారు కూర్చున్నారు. తలుపు వైపు ప్రోగ్రాములు రాసేవారు, ఇంజనీరింగ్ విద్యార్థులు ఉన్నారు. ఎవరూ చెప్పకుండానే మీరిలా విడివిడిగా కూర్చున్నారు. భోజనాల వేళలోపు ఈ వరుసలు కలిసిపోవాలి. ఎందుకో చెప్పడానికే నేను ఈ కాసేపు తీసుకుంటున్నాను.

మా నాన్నగారు గవర్నరుపేటలో ఒక చిన్న ప్రెస్సులో ప్రూఫులు దిద్దేవారు. పుస్తకాల ప్రూఫులు తక్కువ, పెళ్లిపత్రికలు ఎక్కువ. మాఘమాసం వచ్చిందంటే ఇంటికి కూడా కట్టలు మోసుకొచ్చేవారు. ఆయన పని చేసే పద్ధతి నాకు చిన్నప్పుడు విచిత్రంగా ఉండేది. ప్రూఫు చేతిలోకి తీసుకోగానే ముందు అక్షరాలు చూసేవారు కాదు, గోడ మీద క్యాలెండరు దగ్గరికి వెళ్లేవారు. పత్రికలో ఫలానా తేదీ గురువారం అని ఉంటే, ఆ తేదీ నిజంగా గురువారమేనా అని చూసేవారు. తర్వాత తిథి, నక్షత్రం. తర్వాత కల్యాణమండపం ఏ వీధిలో ఉందో, పత్రికలో ఏ వీధి అని ఉందో. అన్నీ అయ్యాకే ఒత్తులు, దీర్ఘాలు, కామాలు. ముందు అక్షరదోషాలు చూడాలి కదా అని నేను ఒకసారి అడిగాను. "దీర్ఘం తప్పితే చదువుకునేవాడు సర్దుకుంటాడు. వారం తప్పితే చుట్టాలు మర్నాడు వస్తారు" అన్నారు.

సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ సమీక్షించడం అంటే నాకు తెలిసిన అర్థం అదే. రాసింది రాసినట్టు బాగుందా అన్నది రెండో ప్రశ్న. రాసిన దానికి, కంప్యూటర్ మీద జరిగేదానికి పొత్తు కుదిరిందా అన్నది మొదటి ప్రశ్న. ఆ మొదటి ప్రశ్నకు జవాబు చదివితే దొరకదు. చేసి చూడాలి.

మనం ఈ రోజు పట్టుకున్న సాఫ్ట్‌వేర్ గురించి నాలుగు మాటలు. కోహా పుట్టింది న్యూజిలాండ్‌లో. హోరోఫెనువా అనే ప్రాంతంలోని గ్రంథాలయ ట్రస్టు వాళ్లు వాడుతున్న పాత వ్యవస్థకు 2000 సంవత్సరం తేదీలతో పనిచేయడం కుదరదని తేలింది. 1999లో కాటిపో కమ్యూనికేషన్స్ అనే చిన్న సంస్థ వాళ్ల కోసం కొత్తది రాసింది. 2000 జనవరి నుంచి అది పనిచేయడం మొదలుపెట్టింది. రాసినవారు, రాయించుకున్నవారు కలిసి దాన్ని ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అనే జీపీఎల్ లైసెన్సు కింద అందరికీ వదిలేశారు. మావోరీ భాషలో కోహా అంటే కానుక. ఊరికే ఇచ్చే కానుక కాదు, ఇంటికి వచ్చిన అతిథి తీసుకువచ్చేది. ఈ రోజు ఇక్కడ నువ్వు తెస్తావు, రేపు మీ ఇంటికి నేను తెస్తాను అనే మర్యాద అందులో ఉంది. మన పల్లెల్లో చదివింపుల పుస్తకం తెలిసినవాళ్లకు దీన్ని వివరించక్కర్లేదు.

ఇది ఈ ఊళ్లో చెప్పుకోవడం నాకు ఇష్టం. 1914 ఏప్రిల్ 10న ఇదే బెజవాడలో, రామమోహన గ్రంథాలయంలో, చిలకమర్తి లక్ష్మీనరసింహం గారి అధ్యక్షతన ఆంధ్రదేశంలోని గ్రంథాలయాల ప్రతినిధులు సమావేశమయ్యారు. వెనుక ఉండి నడిపించింది అయ్యంకి వెంకటరమణయ్య గారు. తర్వాత 1935లో తెనాలి వైపు పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊళ్లకు పంపించారు. పాఠకుడు గ్రంథాలయానికి రాలేకపోతే గ్రంథాలయమే పాఠకుడి రేవుకు వెళ్లింది. ఒక మార్గదర్శిని చేయవలసిన పని కూడా అంతే. అది చదివే మనిషి ఎక్కడ నిలబడి ఉన్నాడో అక్కడికి వెళ్లాలి.

నేను రాసిన మార్గదర్శిని వెళ్లలేదు. ఆ సంగతి వివరంగా చెబుతాను, ఎందుకంటే ఈ రోజు పని మొత్తం దాని నుంచే వచ్చింది.

మూడేళ్ల క్రితం కోహాను డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఎక్కించే విధానం తెలుగులో రాశాను. ఇరవై మెట్లు. ముగ్గురు మిత్రులకు పంపాను. ముగ్గురూ ఏళ్ల తరబడి కోహాతో పనిచేసినవారే. ఒకరు రెండు అక్షరదోషాలు పట్టారు. మరొకరు ఒక వాక్యం బిగించారు. మూడో ఆయన చాలా బాగుందన్నారు. నేను సంతోషించి దాన్ని గుంటూరు జిల్లాలో ఒక చిన్న గ్రంథాలయానికి ఇచ్చాను. అక్కడ పనిచేసే అమ్మగారు ఒక ఆదివారం, సెలవు రోజున, సొంత పని మానుకుని, ఆ కాగితాలు పక్కన పెట్టుకుని కూర్చున్నారు.

ఏడో మెట్టులో నేను రాసిన వాక్యం ఇది: "పోర్టుల ఫైలు తెరిచి 8080 చేర్చండి." పోర్టు అంటే కంప్యూటర్‌లోకి వచ్చే అంకె వేసిన తలుపు లాంటిది. కోహాలో పాఠకులు చూసే పేజీ మామూలు 80 పోర్టులో ఉంటుంది, సిబ్బంది వాడే పేజీని సాధారణంగా 8080లో పెట్టుకుంటారు. ఆ 8080లో కూడా పలకమని, పేజీలను అందించే అపాచీ సర్వరుకు విడిగా చెప్పాలి, లేకపోతే సిబ్బంది పేజీ తెరుచుకోదు. నా వాక్యంలో అబద్ధం లేదు. కానీ ఆ ఫైలును దేనితో తెరవాలి? తెరిచాక ఏ వరుసలో చేర్చాలి? చేర్చాక దాచేది ఎలా, బయటికి వచ్చేది ఎలా? దాచాక అపాచీని మళ్లీ మొదలుపెట్టాలా? నేను ఏదీ రాయలేదు. నా వేళ్లకు అవన్నీ తెలుసు కాబట్టి నా కలానికి గుర్తు రాలేదు. సమీక్షించిన ముగ్గురి వేళ్లకు కూడా తెలుసు. అందుకే ఆ ఖాళీ వాళ్ల కళ్లకూ కనపడలేదు.

ఆవిడ నల్లటి తెర ముందు రెండు గంటలు కూర్చుని, ఫోనులో ఎవరినో అడిగి, ఎలాగో ఆ మెట్టు దాటారు. తర్వాత పదకొండో మెట్టు. మొదటిసారి ప్రవేశించేటప్పుడు కోహా వాడుకరి పేరు, సంకేతపదం అడుగుతుంది. అప్పటికి మనం ఎవరమూ ఏ పేరూ పెట్టలేదు. మరి ఏమి ఇవ్వాలి? కోహా తనంతట తాను డేటాబేసు కోసం ఒక పేరు, ఒక సంకేతపదం తయారుచేసి కోహా-కాన్ఫ్ అనే ఫైలులో రాసి పెట్టుకుంటుంది. ముందు వాటితో లోపలికి వెళ్లాలి. ఇది తెలిసినవాడికి ఒక్క నిమిషం పని. తెలియనివాడికి గోడ. నేను "లాగిన్ అవ్వండి" అని రెండు మాటల్లో ముగించాను. ఆవిడ తన పేరు ఇచ్చి చూశారు, గ్రంథాలయం పేరు ఇచ్చి చూశారు, కంప్యూటర్ తెరిచే సంకేతపదం ఇచ్చి చూశారు. సాయంత్రం వరకు కూర్చుని లేచిపోయారు.

మర్నాడు నాకు ఫోను చేసి ఆవిడ అన్న మాట నేను మరచిపోలేను. "మీరు బాగానే రాశారండీ, నాకే తెలివి చాలలేదు" అన్నారు. తప్పు కాగితంలో ఉంది, నింద మనిషి మీద పడింది. చెడ్డ డాక్యుమెంటేషన్ చేసే అసలు హాని అదే. అది సమయం తినడంతో ఆగదు. పని నేర్చుకోవాలని కూర్చున్న మనిషికి తన మీద తనకున్న నమ్మకాన్ని తీసేస్తుంది. ఇంగ్లీషు అంతగా రాక తెలుగులో ఉందని ఆశపడి వచ్చినవారికి మరింత తీసేస్తుంది.

అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. వంటింట్లో అది నిజం. ఇక్కడ కాదు. ఇరవై మెట్లలో పందొమ్మిది పట్టి చూసి ఒకటి వదిలేస్తే, ఆ ఒక్కదాని దగ్గరే మనిషి ఆగిపోతాడు. మిగతా పందొమ్మిదీ ఎంత మెత్తగా ఉడికినా అతనికి అక్కరకు రావు. ప్రతి మెతుకూ పట్టి చూడాల్సిందే. అది ఒక్కరి వల్ల కాదు, అందుకే ఇంతమందిమి వచ్చాం.

ఇప్పుడు పద్ధతి. ప్రతి బల్ల దగ్గర ముగ్గురు కూర్చుంటారు. ఒకరు కోహాను ఎప్పుడూ చూడనివారు. కీబోర్డు వారి చేతిలో ఉంటుంది. రెండోవారు పక్కన కాగితం, పెన్ను పట్టుకుని కూర్చుని, చేతులు ఎక్కడ ఆగాయో రాస్తారు. మూడోవారు కోహా బాగా తెలిసినవారు. వారి పని అన్నిటికన్నా కష్టం. నోరు మూసుకుని కూర్చోవాలి. ఎదుటివారు తప్పు బొత్తాము మీదికి వెళుతుంటే మీ చెయ్యి ముందుకు వస్తుంది, నాకు తెలుసు. వెనక్కి తీసుకోండి. మీరు నోటితో చెప్పిన ప్రతి మాటా మార్గదర్శినిలో లేని మాట. అది చెప్పేసి పని నడిపిస్తే ఆ లోటు అక్కడే పూడుకుపోయి, మన కాగితంలో మిగిలిపోతుంది. రేపు ఇంట్లో ఒంటరిగా కూర్చునే మనిషి పక్కన మీరుండరు.

ప్రెస్సులో కూడా ఒకరు మూలం గట్టిగా చదువుతుంటే మరొకరు ప్రూఫు దిద్దేవారు. చదివేవారికి అర్థంతో పని లేదు, కాగితం మీద ఏముంటే అది పలకాలి. ఊహించి పలికితే దొంగ తప్పులు జారిపోతాయి. మీ బల్ల దగ్గర కీబోర్డు పట్టుకున్నవారు కూడా ఊహించవద్దు. "ఇక్కడ ఇలా అని ఉంటుందిలే" అనిపిస్తే, అనిపించినట్టు పక్కవారికి చెప్పండి. ఆ అనుమానమే ఈ రోజు మనం ఏరుకోవడానికి వచ్చిన సరుకు.

వ్యాఖ్య రాసే తీరు గురించి ఒక మాట. "అర్థం కాలేదు" అని రాస్తే రాసినవారికి ఏమి చేయాలో తెలియదు. "అస్పష్టం" అన్నా అంతే. జరిగింది రాయండి. తొమ్మిదో మెట్టులో ఈ వాక్యం చదివి నేను ఇలా అనుకున్నాను, ఇది నొక్కాను, తెర మీద ఇది వచ్చింది, ఇది వస్తుందనుకున్నాను. ఇవి నాలుగూ ఉంటే చాలు, దిద్దుబాటు దానంతటదే తోస్తుంది. కోహా ఏ వెర్షను మీద చూశారో కూడా తప్పక రాయండి. కోహా ఏటా మే నెలలో ఒకటి, నవంబరులో ఒకటి కొత్త వెర్షను తెస్తుంది. ఆ పేరులోనే సంవత్సరం, నెల ఉంటాయి, 23.11 అన్నట్టు. నిరుడు ఎడమవైపు ఉన్న బొత్తాము ఈ ఏడు పైకి వెళ్లి ఉండవచ్చు. వెర్షను రాయని వ్యాఖ్య తేదీ లేని ఉత్తరం లాంటిది.

ఒక దిద్దుబాటులో ఒకే సంగతి పెట్టండి. మెట్టు తప్పును, దీర్ఘం తప్పును ఒకే ప్యాచ్‌లో, అంటే పంపే ఒకే మార్పుల కట్టలో, కలిపి పంపితే చూసేవారు దీర్ఘాల గురించి వాదించుకుంటూ మెట్టు మరచిపోతారు. ఇది నేను చాలాసార్లు చూశాను.

ఇక మాటల సంగతి. ఇక్కడ నేను కాస్త ఎక్కువసేపు నిలబడతాను, ఎందుకంటే ఈ పని కిటికీల వైపు కూర్చున్నవారు తప్ప మరొకరు చేయలేరు. ఇంగ్లీషు మాన్యువల్‌లో గ్రంథాలయ సభ్యుణ్ని పేట్రన్ అంటారు. మా మొదటి చిత్తుప్రతిలో అది "పోషకుడు" అయింది. నిఘంటువు ప్రకారం తప్పు లేదు. కానీ "పోషకుడికి పుస్తకం ఇవ్వండి" అని చదివితే రాయల సభ గుర్తుకు వస్తుంది కానీ సాయంత్రం ఐదు గంటలకు వారపత్రిక కోసం వచ్చే విశ్రాంత ఉపాధ్యాయుడు గుర్తుకు రాడు. మీరు కౌంటరు దగ్గర ఏమంటారు? సభ్యులు అంటారు. అదే ఉండాలి. మాన్యువల్‌లో చెకౌట్, చెకిన్ అని ఉంటుంది. మీరు ఇష్యూ, రిటర్న్ అంటారు. "నిర్గమం", "ఆగమం" అని ఎవరైనా రాసి ఉంటే కొట్టేయండి. రేవు భాష పడవ నడిపేవాడిదే.

అయితే తెర మీద బొత్తాముకు ఏ పేరు ఉందో ఆ పేరును మాత్రం మార్చకండి. తెర మీద ఇంగ్లీషులో చెకౌట్ అని ఉండి, కాగితంలో ఇష్యూ నొక్కండి అని ఉంటే మనిషి ఆ బొత్తాము కోసం రోజంతా వెతుకుతాడు. "పుస్తకం ఇష్యూ చేయడానికి చెకౌట్ నొక్కండి" అని రెండూ కలిపి రాయండి. ఇక్కడ ప్రోగ్రామర్లు, గ్రంథాలయంవారు ఒకే బల్ల దగ్గర ఉంటేనే ఇది తెగుతుంది.

క్రియాపదాల దగ్గర మరీ జాగ్రత్త. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసేవారు 1997లోనే ఒక పత్రంలో ఈ లెక్క తేల్చుకున్నారు. తప్పనిసరి అయితే ఒక మాట, మంచిదే కానీ కారణం ఉంటే మానవచ్చు అంటే ఒక మాట, మీ ఇష్టం అంటే మరో మాట. మూడింటినీ కలపకూడదు. తెలుగులో మనం అన్నిటికీ "చేయాలి" అనేస్తాం. "బ్యాకప్ తీయాలి, పేరు పెట్టాలి, రంగు మార్చాలి." ఏది చేయకపోతే మునుగుతామో, ఏది చేయకపోయినా పరవాలేదో తెలియదు. తప్పనిసరికి "తప్పక చేయాలి", సలహాకు "చేయడం మంచిది", ఐచ్ఛికానికి "చేయవచ్చు". ఈ మూడింటికి మించి వాడకండి.

ఒక ఉదాహరణ. కోహాలో ఎవరికి ఏ రకం పుస్తకం ఎన్ని రోజులు ఇవ్వాలో నియమాల పట్టికలో పెడతాం. విద్యార్థికి ఇంత, ఉపాధ్యాయుడికి ఇంత అని విడివిడిగా. అన్ని రకాల సభ్యులకు, అన్ని రకాల పుస్తకాలకు వర్తించే మామూలు నియమం కూడా కనీసం ఒకటి పెట్టి ఉంచాలి. ఏ నియమానికీ తగలని సభ్యుడు వచ్చి నిలబడితే ఇష్యూ ఆగిపోతుంది. మా చిత్తుప్రతిలో "మామూలు నియమం పెట్టవచ్చు" అని ఉంది. ఒక్క మాట తేడా. ఆ తేడాను వచ్చే వేసవిలో కౌంటరు ముందు బారులో నిలబడ్డ పిల్లలు అనుభవిస్తారు.

(ఇక్కడ ముందు వరుసలోని ఒక విద్యార్థిని ప్రశ్న అడిగారు: "నాకు ప్రోగ్రామింగ్ రాదు, కోహా ఈ రోజే చూస్తున్నాను. పెద్దవాళ్లు రాసినదాన్ని నేనెలా తప్పుపట్టగలను?")

అమ్మా, మంచి ప్రశ్న. మీరు వచ్చినందుకు నేను ఎందుకింత సంతోషిస్తున్నానో చెబుతాను. కోహా తెలియకపోవడం అనేది మీ దగ్గర ఈ ఉదయం ఉంది, సాయంత్రానికి ఉండదు. నా దగ్గర ఎప్పుడో అయిపోయింది, డబ్బు పెట్టి కొనలేను. మొదటిసారి చదివే కళ్లు ప్రతివారికి ఒక్కసారే దొరుకుతాయి. అందుకే వాటిని దండగ చేయకూడదు. మొదట మీరు చదవండి, మీరు ఆగిన చోట్లన్నీ రాయించండి, ఆ తర్వాతే తెలిసినవాళ్లం మేము చూస్తాం. వరుస తిరగబడితే, ముందు మేమే వివరించేస్తే, మీ కళ్లు మా కళ్లు అయిపోతాయి.

పెద్దవాళ్లు రాసినది అన్నారు కదా. 1969 ఏప్రిల్‌లో ఇప్పటి ఇంటర్నెట్‌కు పునాదిరాళ్లు వేస్తున్నప్పుడు, స్టీవ్ క్రాకర్ అనే విద్యార్థి మొదటి సాంకేతిక పత్రం రాశారు. ఆయనా, ఆయన తోటివారూ కుర్రవాళ్లు. మేము నిర్ణయించాం అని రాస్తే ఎవరైనా పెద్దలు నొచ్చుకుంటారేమోనని, ఆ పత్రాలకు "వ్యాఖ్యలు కోరుతున్నాం" (రిక్వెస్ట్ ఫర్ కామెంట్స్) అనే పేరు పెట్టారు. ఈ రోజుకీ ఇంటర్నెట్ ప్రమాణాలను ఆ పేరుతోనే పిలుస్తారు, ఆర్‌ఎఫ్‌సీలు అని. వ్యాఖ్య అడగడం ఆ పత్రాల పేరులోనే ఉంది. అడిగినప్పుడు చెప్పకపోతేనే తప్పు.

(మరొకరు: "ఇప్పుడు అనువాదం యంత్రాలే చేస్తున్నాయి కదా, ఇంతమంది కూర్చోవడం అవసరమా?")

చిత్తుప్రతికి యంత్రం సాయం తీసుకోండి, నేనూ తీసుకుంటాను. వాక్యం నున్నగా వస్తుంది. చిక్కు ఆ నునుపులోనే ఉంది. గరుకుగా ఉన్న వాక్యం దగ్గర మనిషి ఆగి అనుమానిస్తాడు, నున్నగా ఉన్నదాని మీద జారిపోతాడు. మా నాన్నగారి క్యాలెండరు గుర్తు తెచ్చుకోండి. పత్రికలో వాక్యం ఎంత అందంగా ఉన్నా ఆ తేదీ గురువారమా కాదా అన్నది గోడ దగ్గరికి వెళ్లి చూసినవారికే తెలుస్తుంది. ఈ రోజు మీ ముందున్న కంప్యూటరే ఆ గోడ.

చివరగా పేర్ల సంగతి. కోహా సమాజంలో ఎవరైనా ఒక మార్పు పంపితే, అది నేరుగా లోపలికి వెళ్లదు. మరొకరు దాన్ని తమ దగ్గర పరీక్షించి సంతకం పెట్టాలి. తర్వాత నాణ్యత చూసే బృందం మళ్లీ చూస్తుంది. ఆ తర్వాతే విడుదల బాధ్యుడు కలుపుతాడు. పరీక్షించినవారి పేరు ఆ మార్పుతోపాటు శాశ్వతంగా ఉండిపోతుంది. రాసినవారి పేరు పక్కనే చూసినవారి పేరు. మనకు ఈ మర్యాద కొత్త కాదు. నన్నయ భారతాన్ని తెలుగు చేస్తూ, తనకు తోడుగా నిలిచిన నారాయణభట్టును పేరు పెట్టి తలుచుకున్నాడు. యుద్ధంలో అర్జునుడికి కృష్ణుడు ఎలాగో తనకు ఆయన అలా అన్నాడు. వెయ్యేళ్ల కిందటి మొదటి పెద్ద తెలుగు గ్రంథంలోనే తోడు నిలిచినవారి పేరు ఉంది. మా నాన్నగారు దిద్దిన ఒక్క కాగితం మీదా ఆయన పేరు లేదు. అందుకని ఈ సాయంత్రం ప్రతి దిద్దుబాటు కింద, కీబోర్డు పట్టినవారిది, కాగితం రాసినవారిది, నోరు మూసుకుని కూర్చున్నవారిది, ముగ్గురి పేర్లూ ఉంటాయి. పేరు వద్దనుకునేవారు నాకు ముందే చెప్పండి.

ఆ గుంటూరు జిల్లా అమ్మగారు ఈ రోజు వచ్చారు. మూడో వరుసలో ఉన్నారు. వారి అనుమతితోనే ఈ సంగతి చెప్పాను. ఆ ఆదివారం ఆవిడ ఆగిన చోట్లన్నీ కాగితం మీద రాసిపెట్టుకున్నారు, పారేయలేదు. ఆ కాగితం జిరాక్సు ప్రతి బల్ల మీదా పెట్టాం. ఏడో మెట్టు, పదకొండో మెట్టు ఆవిడ రాసిన ప్రకారమే తిరగరాశాను. ఇప్పుడు అవి నిలబడతాయో లేదో మీరు తేల్చాలి.

కిటికీల వైపువారు లేచి తలుపు వైపు బల్లలకు రండి. ఒక్కో బల్లకు కోహా ఎప్పుడూ చూడనివారు ఒకరైనా ఉండేలా చూసుకోండి. కంప్యూటర్లలో డెబియన్ మాత్రమే ఉంది, కోహా లేదు. మొదటి మెట్టు నుంచి మొదలుపెట్టండి.